‘బ్లాక్‌ఫిష్’ ఆఖరి సీను

‘బ్లాక్‌ఫిష్’ (2013) గొప్ప డాక్యుమెంటరీయే. అది తెచ్చిన ఒత్తిడి చిన్నది కాదు. 2016లో సీవరల్డ్ ఇక ఓర్కాలకి పిల్లల్ని పుట్టించబోమని ప్రకటించింది. కానీ దాని ఆఖరి సీను నాకు మింగుడుపడదు. ఒకప్పుడు ఓర్కాలతో షోలు చేయించిన ట్రైనర్లు పడవెక్కి సముద్రంలోకి వెళ్తారు. నిటారుగా లేచిన నల్లటి రెక్కలు కనిపిస్తాయి. దర్శకురాలు గాబ్రియెలా కౌపర్‌త్‌వెయిట్ దీన్ని విముక్తిలా చూపిస్తుంది. మనమూ ఊపిరి పీల్చుకుంటాం.

అయితే ఆ పడవకీ ఇంజన్ ఉంది కదా?

1970లో వాషింగ్టన్ తీరంలోని పెన్ కోవ్‌లో తల్లుల నుంచి పిల్లల్ని విడదీసి పట్టుకున్న సంగతి ఈ సినిమాయే చెబుతుంది. ఆ కుటుంబాల వాళ్లే ఇప్పటి సదరన్ రెసిడెంట్ ఓర్కాలు. వంద కూడా లేవు. చినూక్ సాల్మన్ చేపల్ని అవి తమ శబ్దాల ప్రతిధ్వనితో వెతుక్కుంటాయి. పడవల రొదలో ఆ ప్రతిధ్వని వినబడదు. మూగజీవాల బాధ అంత బాగా విన్న సినిమా, చివర్లో నీటి అడుగున చప్పుడు మాత్రం వినలేదు.

2025 జనవరి నుంచి వాషింగ్టన్ చట్టం ప్రకారం ఏ పడవైనా వీటికి 1000 గజాల దూరంలో ఉండాలి. ఇంజన్ లేని కయాక్‌కీ అదే రూలు. శాన్ వాన్ దీవిలో లైమ్ కిల్న్ పాయింట్ అనే పార్కుంది. అక్కడ ఒడ్డున రాళ్ల మీద కూర్చుని ఎదురుచూడొచ్చు. అవి రావచ్చు, రాకపోవచ్చు. షో టైమ్ అంటూ ఏమీ ఉండదు.

ట్రైనర్లని అక్కడ కూర్చోబెట్టి, ఖాళీ సముద్రాన్ని చూపించి ముగిస్తే, ఆ విముక్తిని నేను నమ్మేదాన్ని.