గాలమును గ్రంథమును

ఐజాక్ వాల్టను అను ఆంగ్లేయుడు 1653వ సంవత్సరమున ప్రకటించిన ‘కంప్లీట్ ఆంగ్లర్’ అను గాలపువేట గ్రంథమును నేను పూర్వమొకమారు చదివి, పనిలేనివాని పుస్తకమని త్రోసివేసితిని. ఆ తీర్పును ఇప్పుడు కొంత మార్చుకొనవలసివచ్చినది. గడచిన శ్రావణమున అమెరికా నుండి వచ్చిన నా బాల్యమిత్రుడు ఆ గ్రంథమును, దానితోపాటు ఒక సన్నని గాలపుకర్రను వెంటదెచ్చి, శని ఆదివారములు రెండును పొన్నూరు ప్రాంతపు కాలువగట్టున గడుపుదమని నన్ను బలవంతపెట్టెను. శ్రావణమాసమున చేప తన వంటయింటి గడప దాటరాదని మా యింటి యిల్లాలు ముందే శాసించినది. వండుటకు కాదు, పట్టి విడుచుటకే పోవుచున్నామని మిత్రుడు సమాధానము చెప్పెను. ఆమెకు నవ్వు వచ్చినది.

మిత్రుడు కొలరాడో కొండవాగులలో ట్రౌటు అను చేపను పట్టనేర్చినవాడు. ఆ వేటలో వానపాము మొదలగు ఎరలతో పనిలేదు. ఈకను, బొచ్చును గాలమునకు దారముతో చుట్టి ఈగను బోలునట్లు చేసి, నీటిపై మెల్లగా వ్రాలనిత్తురు. నిజమైన ఈగయని చేప పైకి లేచును. కాని ట్రౌటు మన నీటిలో బ్రదుకునది కాదు. చల్లగా వడిగా పారు వాగులే దానికి తావులు. 20 డిగ్రీల వేడి దాటిన నీరు దానికి కష్టము. ఆంగ్లేయులు దానిని తెచ్చి నీలగిరులలో పెంచిరి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట విస్తరించిన మన కాలువలును, వాని మురుగుపాయలును కొరమీనుకు పుట్టినిండ్లు. అది బురదనీటిలో నుండి, నడుమనడుమ పైకి వచ్చి గాలి పీల్చి, మరల మునుగును.

మొదటిదినము మిత్రుని ఈకల యీగను ఏ చేపయు లక్ష్యపెట్టలేదు. కొంత దూరమున వెదురుకర్ర పట్టి కూర్చున్న జాలరివృద్ధుడు మమ్ము చాలసేపు చూచి, చిన్న కప్ప నొకదానిని గాలమునకు గ్రుచ్చి, తూడు ప్రక్కన నీటిలో జారవిడిచెను. గడియ కాకముందే కొరమీను గట్టుమీద పడినది.

అప్పుడు మిత్రుడు పుస్తకము తెరచెను. వాల్టనును కప్పనే చెప్పినాడు. పైకు అను క్రూరమత్స్యమును పట్టుటకు కప్ప నోటిలో నుండి గాలమును పోనిచ్చి, కాలిని పట్టుదారముతో కుట్టి కట్టవలెననియు, ఈ పనియంతయు ఆ కప్పను ప్రేమించుచున్నట్లే చేయవలెననియు ఆయన బోధ. బైరను కవి ‘డాన్ జువాన్’ కావ్యమున ఆయనను క్రూరుడని దూషించుటకు ఇట్టి వ్రాతలే కారణమని తోచును. నాకును ఆ వాక్యము చదువునప్పుడు ఒడలు జలదరించినది. మా వృద్ధుడు కప్పను గ్రుచ్చునప్పుడు ప్రేమయను మాట ఎత్తలేదు. చేయు హింసకు మృదువైన పేరు పెట్టకుండుటయే నాకు ఎక్కువ నిజాయితీగా కనబడినది.

అయినను వాల్టనుయందు ఒక గొప్ప గుణమున్నది. వర్తకము చేసి బ్రదికిన ఆ మనుష్యుడు అంతర్యుద్ధమున దేశము చీలియున్న కాలమున, వేటకాడొకడు గాలపువానికి శిష్యుడై నదీతీరమున దినములు గడపి నేర్చుకొనుటను గ్రంథముగా వ్రాసినాడు. పాలమ్ముకొను తల్లికూతుళ్లు పాట పాడి చేపను బహుమానముగా పొందుదురు. ప్రశ్నయు సమాధానమును నడక తప్పక సాగును. మన వాఙ్మయమున ఇట్టిది నాకు కానరాదు. పండ్రెండవ శతాబ్దిలో చాళుక్య సోమేశ్వరుడు ‘మానసోల్లాసము’న మత్స్యవినోదమును ఎరలతో సహా వర్ణించెను, కాని అది రాజు వినోదము. తిక్కన తెనిగించిన ఆనుశాసనిక పర్వమున చ్యవనమహర్షి జాలరుల వలలో పడిన కథ కలదు. తుదకు జాలరులకును చేపలకును స్వర్గము లభించును. స్వర్గమిచ్చితిమి గాని, వల ఎట్లు అల్లుదువని వారి నెవ్వరును అడుగలేదు.

వాల్టను కూడ పూర్తిగా అడిగినవాడు కాడు. ఆయన గురువు తీరికగల పట్టణవాసి. చేపలమ్మి పొట్టపోసికొనువాడు కాడు. అందుచేతనే పైకు చేపలు కొన్ని నీటిమొక్కలనుండి పుట్టుననియు, ఈలు చేపలు మంచునుండి పుట్టుననియు పండితుల మాటలను నమ్మి వ్రాసినాడు. గ్రంథముయొక్క పెద్దలోపము నా దృష్టిలో కప్పకన్న ఇదియే.

ఆదివారము ప్రాతఃకాలమున నీటిపై ఎర్రని మచ్చవంటిది కదలుచుండెను. మిత్రుడు దానిపైకి గాలము విసరబోగా వృద్ధుడు చేయి పట్టుకొనెను.

“వద్దు బాబూ. అవి కొరమీను పిల్లలు. కింద పెద్దది కాపలా ఉంది. దాన్ని తీశావంటే పిల్లలన్నీ పరాయి చేపల పాలే.”

“నీవెన్నడును అట్టిదానిని పట్టలేదా తాతా?” అని నేనంటిని.

“పట్టాను. ఒక ఏడు పనుల్లేవు. ఇంట్లో గింజల్లేవు.” కొంతసేపు ఊరకుండి, మిత్రునివైపు తిరిగి, “తినని చేపను పట్టి మళ్లీ వదలడమెందుకు? దాని నోరు నొప్పి కాదా?” అని అడిగెను.

మిత్రుడు విద్యావంతుడు. జాతి నశింపకుండుటకు పట్టినదానిని విడువవలెనని అమెరికాలో లీ వుల్ఫ్ అను వేటకాడు 1939లోనే వ్రాసెననియు, మనుష్యులు ఎక్కువై చేపలు తక్కువైన వాగులకు అది మేలనియు చెప్పెను. అది యుక్తమైన మాటయే. కాని వృద్ధుడు అడిగినది జాతిని గురించి కాదు. ఆ యొక్క చేప నోటిని గురించి. దానికి మిత్రుడు ఉత్తరము చెప్పలేదు. దారము చుట్టివేసెను.

వృద్ధుడు అటుపిమ్మట కొరమీను తూడు నడుమ చోటుచేసి గ్రుడ్లు పెట్టు విధమును, పిల్లల రంగు మారునప్పుడు కాపలా విడుచుటను వివరించెను. వాల్టను పుటల అంచున నేను అదంతయు పెన్సిలుతో వ్రాసికొంటిని. ఇల్లు చేరి చూచుకొనగా, వృద్ధుని పేరు మాత్రము వ్రాసికొనలేదు. అడిగియే యుండలేదు.