వరస అయ్యాక

కళింగపట్నంలో నేను లేచేసరికే బోట్లు వెళ్ళిపోయి ఉంటాయి. మూడింటికల్లా వేటకి దిగుతారు. ఐదున్నరకి నేను సర్ఫింగ్ బోర్డు చంకన పెట్టుకుని వచ్చేటప్పటికి ఇసుక మీద వాటిని ఈడ్చిన చారలు మాత్రం మిగులుతాయి. ఏ చార ఎక్కడ నీళ్ళలోకి దిగిందో ముందు అది చూస్తాను. అక్కడే నేనూ దిగుతాను. ఏడాది కిందట ఆ చారలు నా కంటికి ఆనేవి కావు.

మాది నిజామాబాద్ జిల్లా. ఈత నేర్చుకున్నది పొలం బావిలో, నడుముకి ఎండిన సొరకాయ బుర్ర కట్టుకుని. కదలని నీళ్ళు తప్ప ఎరగను. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, ఒకరోజు సంచి సర్దుకుని తీరం పట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. విశాఖలో రుషికొండ దగ్గర మొదటిసారి బోర్డు మీద లేచి నిలబడ్డాను. మూడు సెకన్లు ఉన్నానేమో. అక్కడే ఒక పాత బోర్డు కొన్నాను, ఎనిమిది అడుగులది. దాన్ని మోసుకుంటూ భీమిలి, కోనాడ, చింతపల్లి మీదుగా ఉత్తరానికి వచ్చి, వంశధార సముద్రంలో కలిసే ఈ చోట ఆగాను. వారం ఉందామనుకున్నాను. పదహారు నెలలైంది.

ఒక చేపల వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. బోట్లు తిరిగొచ్చాక ఒడ్డునే పాట జరుగుతుంది. కోనాం ఎన్ని కిలోలు, చందువ ఎన్ని, కానాగంతలు ఎన్ని బుట్టలు, ఎవరి బోటువి, ఎంతకి పాడారు... అన్నీ పుస్తకంలో ఎక్కించాలి. చెయ్యి తడి, కాగితం తడి, పెన్ను జారుతుంది. పదకొండింటికల్లా ఐసు పెట్టెలు వ్యానెక్కుతాయి. గది అద్దె, తిండి ఆ డబ్బులతోనే వెళ్ళిపోతాయి. పని నుంచి తప్పించుకోడానికి సముద్రానికి వెళ్తామని చెప్పేవాళ్ళని చాలామందిని కలిశాను. నాకు రెండూ ఒకే ఇసుక మీద జరుగుతున్నాయి. కెరటం గట్టిగా ఉన్న రోజు బోట్లు తక్కువ దిగుతాయని, పుస్తకంలో సగం పేజీ ఖాళీగా ఉంటుందని తెల్లారకముందే నీళ్ళలో నాకు తెలిసిపోతుంది.

అన్నిటికంటే ఆలస్యంగా నాకు వచ్చింది ఆగడం. మొదటి నెలంతా సముద్రం కనపడగానే పరుగున దిగేవాణ్ణి. వచ్చిన ప్రతి కెరటం మొహం మీద కొట్టి వెనక్కి తోసేది. ఇరవై నిమిషాలకే భుజాలు పడిపోయేవి. పెద్ద కెరటాలు ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రపు తుఫాను గాలులకి పుట్టి వేల కిలోమీటర్లు నడిచి వస్తాయి. దారిలో పొడుగాటివి ముందుకి, పొట్టివి వెనక్కి సర్దుకుని గుంపులుగా ఒడ్డు చేరతాయి. నాలుగైదు పెద్దవి, ఆ తర్వాత కాసేపు తెరిపి. నాకు తెలిసిన కుర్రాడొకడు దాన్ని వరస అంటాడు. ఒక కెరటానికీ ఇంకోదానికీ మధ్య 12, 14 సెకన్లు ఉంటే అది దూరపు నీరు. ఆరేడు సెకన్లే ఉంటే దగ్గర్లో గాలి లేపింది. లోతు తగ్గి, కెరటం ఎత్తుకి 1.3 రెట్లు మిగిలేసరికి దాని అడుగు ఇసుకకి ఒరుసుకుని వెనకబడుతుంది, తల ముందుకి తూలి విరుగుతుంది. ఆ తూలే క్షణానికి ఒక్క అడుగు ముందు బోర్డు దాని మీద ఉండాలి. ఇదంతా చదివి తెలుసుకున్నాను. వరస అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డం మాత్రం ఆ కుర్రాడి దగ్గరే నేర్చుకున్నాను.

వాడికి పంతొమ్మిదేళ్ళు. కిందటేడు జూన్‌లో పరిచయం. వంశధారకి కొత్తనీరు వచ్చి మొగ దగ్గర సముద్రం ఎర్రగా ఉంది. దిగాక, కెరటాలు విరగని సన్నటి దారి ఒకటి కనపడింది. తేలిగ్గా ఉందని అందులోకి వెళ్ళాను. విరిగిన నీరంతా ఒడ్డునుంచి మళ్ళీ లోపలికి పోయే దారి అది. క్షణాల్లో లైట్‌హౌస్ చిన్నదైపోయింది. ఒడ్డువైపు తిప్పుకుని రెండు చేతులా తోస్తున్నాను, ఉన్నచోటే ఉన్నాను. ఇసుక మీంచి వాడు చొక్కా ఊపుతూ అరిచాడు. "ఎదురుకి కాదన్నా! పక్కకి, పక్కకి!" పక్కకి మళ్ళాను. ఇరవై ముప్పై గజాలు పోయేసరికి లాగుడు ఆగింది, కెరటాలు మళ్ళీ ఒడ్డువైపు తోశాయి. ఇసుక మీద పడ్డాక మోకాళ్ళు వణుకుతున్నాయి. "ఏటన్నా, సంద్రంతో దెబ్బలాడతావేటి?" అన్నాడు. కోపంగా అన్నాడు. వాళ్ళ నాన్నకి ఆ దారిలోనే ఒక తమ్ముడు పోయాడని తర్వాత తెలిసింది.

వాళ్ళు బోటుతో ఒడ్డుకి వచ్చే తీరు అంతకుముందు వంద పొద్దులు చూసి ఉంటాను. ఆ తర్వాతే సరిగ్గా చూశాను. బోటు, కెరటాలు విరిగే చోటుకి అవతల ఆగుతుంది. ఇంజను నెమ్మదిగా కొట్టుకుంటుంది. వెనక కూర్చున్న మనిషి ఇంటివైపు చూడడు, మెడ తిప్పి సముద్రంవైపే చూస్తుంటాడు. ఒకటి కిందనుంచి పోతుంది, రెండోది పోతుంది. మూడు, నాలుగు ఎత్తుగా వస్తాయి, బోటు ముక్కు లేచి పడుతుంది. ఆఖరిది దాటగానే ఇంజను గట్టిగా తిప్పి దాని వీపు వెనకాలే అంటుకుని వస్తాడు. ఆ వీపుని దాటాడా, ముక్కు కిందికి గుచ్చుకుని బోటు పల్టీ కొడుతుంది. వెనకబడ్డాడా, తర్వాతది వచ్చి అడ్డంగా తిప్పేస్తుంది. నడుం లోతుకి రాగానే ఇంజను గొట్టాన్ని నీళ్ళలోంచి పైకెత్తేస్తాడు, రెక్క ఇసుకకి తగలకుండా. అప్పటికే ఇద్దరు చెరోవైపు దూకి అంచు పట్టుకుని ఉంటారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. బోటులో తెల్లవారుజామునుంచి పడ్డ కష్టం, వలలు, అప్పు చేసి కొన్న ఇంజను ఉంటాయి. నేను బోర్డు మీంచి పడితే నీళ్ళు మింగుతాను, అంతే.

బోటు కెరటం వెనక వస్తుంది, బోర్డు కెరటం ముందు వస్తుంది. పాత తెప్పలు మాత్రం బోర్డులాగే వచ్చేవని ఇక్కడి ముసలివాళ్ళు చెబుతారు. తేలిక కర్ర దుంగల్ని తాళ్ళతో కట్టేదే తెప్ప. నీరు సందుల్లోంచి పోతుంది కాబట్టి మునగదు. తెడ్డు వెనక నొక్కిపట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, కెరటం మొహం మీద జారుకుంటూ ఇసుక దాకా వచ్చేసేవారట. ఒకాయన నా బోర్డుని తిరగేసి, కింద అరచేత్తో రాసి చూసి, "ఇది ఒక్క దుంగే బావూ, మావి నాలుగు" అన్నాడు. సర్ఫింగ్ అన్న మాట వినకుండానే ఆయన యాభై ఏళ్ళు అది చేశాడు. పెరూలో ఊవాంచాకో అనే ఊళ్ళో జాలర్లు ఇవాళ్టికీ రెల్లు కట్టలతో కట్టిన పడవల మీద అలాగే కెరటమెక్కి ఒడ్డుకి వస్తారు. వాళ్ళ బొమ్మలు ప్రపంచమంతా తిరిగాయి. మన తెప్పని అలా చూసినవాళ్ళు లేరు.

కళింగపట్నం ఓడరేవుగా వెలిగిన రోజుల్లోనూ ఓడలు ఒడ్డుకి వచ్చేవి కావు. దూరంగా లంగరు వేసేవి. సరుకంతా పలకల్ని తాళ్ళతో కుట్టిన పడవల్లో కెరటాలు దాటించాల్సిందే. రేవు గురించి చెప్పేటప్పుడు డచ్చివాళ్ళనీ ఇంగ్లీషువాళ్ళనీ తలుస్తాం. ఆ కెరటం దాటించే మనుషులు లేకపోతే రేవే లేదు. పూరీ వెళ్ళినవాళ్ళు యాత్రికుల్ని చెయ్యి పట్టుకుని సముద్రస్నానం చేయించే నోలియాల్ని చూసే ఉంటారు. వాళ్ళలో చాలామంది పెంటకోట పేటలో ఉండే తెలుగు జాలర్లు, ఈ తీరం నుంచి వలస వెళ్ళినవాళ్ళ సంతతి. ఆ పూరీ దగ్గరే 2012 నుంచి సర్ఫింగ్ పండగ మొదలైంది. చెన్నైకి దక్షిణాన కోవలంలో మూర్తి మేగవన్ అనే జాలరి తమ పల్లె పిల్లలకి సర్ఫింగ్ నేర్పి పోటీలకి పంపాడు. 193 కిలోమీటర్ల తీరమున్న శ్రీకాకుళం జిల్లాలో అలాంటి బడి ఒక్కటి నేను చూడలేదు. బారువలో, భావనపాడులో, ఇక్కడ... ఏ పేటకి వెళ్ళినా విరిగిన పలకముక్క మీద బోర్లా పడుకుని కెరటంతో పాటు జారే పదేళ్ళ పిల్లలు కనపడతారు.

ఆ పిల్లలు పెద్దయ్యాక ఎక్కడికి వెళ్తారో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. గుజరాత్‌లో వేరావల్. పడమటి తీరంలో జూన్, జులై వేట నిషేధం. ఆగస్టులో మళ్ళీ మొదలు. జులై ఆఖర్లో ఆమదాలవలస స్టేషన్లో సంచులతో కుర్రాళ్ళు నిండిపోతారు. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్ అధికారులకి చిక్కిన మన జాలర్లలో 20 మందిని 2020 జనవరిలో వాఘా దగ్గర అప్పగించారు. వాళ్ళలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళే. 'తండేల్' సినిమా వచ్చాక ఆ కథ అందరికీ తెలిసింది. నా మనసులో తిరిగేది దానికంటే చిన్న సంగతి. వేరావల్‌లో హార్బరు ఉంది. బోటు గోడ పక్కన ఆగుతుంది, మెట్లెక్కి దిగుతారు. దాటాల్సిన కెరటమే ఉండదు. కెరటం కోసం నేను ఇంత దూరం వచ్చాను. కెరటం పుట్టుకతో తెలిసిన ఆ కుర్రాడు అది లేని చోటికి, పదినెలలు, జీతం కోసం వెళ్ళాడు.

కిందటేడు జూన్, జులై నెలలు వాడూ నేనూ ఒకే బోర్డు వంతులేసుకున్నాం. నాకు నాలుగు నెలలు పట్టింది వాడికి రెండో రోజు వచ్చేసింది. లేచి నిలబడ్డప్పుడు కాళ్ళవైపు చూసుకోడు, కెరటం భుజంవైపు చూస్తాడు. ఇలాంటివాడికి ఇక్కడే నెలజీతం ఇచ్చి, వచ్చేపోయేవాళ్ళకి నీళ్ళలో దిగడం నేర్పమంటే ఎన్ని ప్రాణాలు దక్కుతాయో! మునిగేవాళ్ళలో చాలామంది సెలవు రోజున సరదాగా వచ్చినవాళ్ళే, నాలాగా పక్కకి మళ్ళడం తెలియనివాళ్ళే. బుడగట్లపాలెంలో హార్బరు తలపెట్టారు. మంచిదే, బోటుకి భద్రం. ఒడ్డున మిగిలే ఈ విద్యకి కూడా ఎవరైనా జీతం కట్టాలి.

మొన్న పొద్దున్నే ఫోన్ చేశాడు. బోటు హార్బరుకి వచ్చిందట, చేప దింపుతున్నారట. "కెరటం ఎలాగుందన్నా?" అన్నాడు. చెప్పడం చేతకాక ఫోన్ సముద్రంవైపు తిప్పి పట్టుకున్నాను. అటునుంచి మాట లేదు. వెళ్ళిపోయాడేమో అనుకున్నాను.

"దూరంగా ఇరుగుతంది" అన్నాడు కాసేపటికి. "ఉండు... ఇంకోటుంది... ఆ. ఇప్పుడు దిగు."

నీళ్ళవైపు చూశాను. వరస అయిపోయింది.