కాళ్ల మీద పాఠం

పసిబిడ్డ తల వెనక చదునెక్కకుండా ఎలా చూసుకోవాలో కాబోయే అమ్మానాన్నలకు నేర్పాలంటే చార్టులూ ప్లాస్టిక్ బొమ్మలూ వెతుక్కోనక్కర్లేదు. సముద్రపు ఒడ్డునున్న భావనపాడులో గానీ, ఆ తీరంలో మరే పల్లెలో గానీ, చంటిబిడ్డకు నీళ్లు పోసే పెద్దావిడ పక్కన వాళ్లను ఒక పూట కూర్చోబెడితే చాలు. పాఠంలో ముప్పాతిక కళ్లముందే జరిగిపోతుంది. మిగిలిన పావు ఆవిడ కూడా నేర్చుకోవలసిందే. ఆ పావు గురించి రాయాలనే కూర్చున్నాను గానీ, ముందు ఆ ముప్పాతిక పనితనం చెప్పకుండా కలం ముందుకు సాగదు.

ఆవిడ పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల దాకా ఎగదోపి, కాళ్లు బారచాపుతుంది. రెండు కాళ్లూ దగ్గరికి చేరిస్తే మధ్యలో చిన్న పల్లం ఏర్పడుతుంది. నూనె రాసిన ఒళ్లు ఎంత జారుడుగా ఉన్నా బిడ్డ ఆ పల్లంలో కుదురుకుంటుంది. నీళ్ల వేడి మోచేత్తో చూస్తుంది. ముందు వెల్లకిలా వేసి ఛాతీ, పొట్ట, చేతులు, కాళ్లు మర్దన చేస్తుంది. కుడి చేతిని ఎడమ కాలి దాకా, ఎడమ చేతిని కుడి కాలి దాకా మెల్లగా తెచ్చి వదులుతుంది. రెండు పక్కలా సమానంగా. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అన్నది ఆ చేతులకు తెలియదు.

అసలు పని ఆ తర్వాత. ఒక చెయ్యి బిడ్డ ఛాతీ కిందికి పోనిచ్చి, మెడ వాలకుండా ఆపుతూ, ఒక్క ఊపులో బోర్లా తిప్పేస్తుంది. కాళ్ల మీద ఛాతీ కాస్త ఎత్తున ఉంటుంది కాబట్టి, చాప మీద వేస్తే ముఖం నేలకానించి ఏడ్చే పసివాడు ఇక్కడ తల ఎత్తబోతాడు. ఎత్తుతాడు, వాలుస్తాడు, ఇంకో వైపు తిప్పుతాడు. ఆవిడ వీపు రుద్దుతూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది. మాట ఎటు నుంచి వస్తే బిడ్డ మెడ అటు తిరగాలని చూస్తుంది. తల మీద నీళ్లు పోసేటప్పుడు కళ్లలో పడకుండా ఎడమ అరచెయ్యి నుదుటికి అడ్డం పెడుతుంది. ఆ కొద్ది నిమిషాల్లో మెడ, భుజాలు, వీపు అన్నీ పనిచేస్తాయి. తల వెనక భాగానికి మాత్రం పూర్తి విశ్రాంతి. నేటి ఫిజియోథెరపిస్టులు ‘టమ్మీ టైమ్’ పేరుతో నేర్పేది ఇదే. పెద్దవాళ్ల కాళ్ల మీద బోర్లా వేసుకోవడాన్ని వాళ్లు తొలి మెట్లలో ఒకటిగా చూపిస్తారు.

ఆ విశ్రాంతి ఎందుకంత అవసరమో బిడ్డ తల పెరిగే వేగం చూస్తే తెలుస్తుంది. పుట్టినప్పుడు తల చుట్టుకొలత సుమారు 34 సెంటీమీటర్లు. మొదటి మూడు నెలలూ నెలకు దాదాపు 2 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఏడాదిలో పెరిగేదాంట్లో సగం ఆ మూడు నెలల్లోనే. ఎముకలింకా అతుక్కోలేదు, మాడు మెత్తగా ఉంది, లోపలి నుంచి మెదడు తోస్తోంది. ఎటు ఖాళీ ఉంటే అటు పెరుగుతుంది. నేలకానుకుని పెరిగిన గుమ్మడికాయ ఆ పక్కన చదునుగా ఉన్నట్టే, రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోయే బిడ్డ ఒకే వైపు తల ఆనిస్తే ఆ వైపు చదునవుతుంది.

అందుకే నీళ్లు పోశాక అరచేత్తో తలను గుండ్రంగా ఒత్తే అలవాటును నేను సమర్థించలేను. రెండు నిమిషాల ఒత్తిడికి ఆకారం రాదు, గంటల తరబడి ఆన్చిన బరువుకు వస్తుంది. కాన్పు దారిలో నొక్కుకుని కోలగా వచ్చిన తల కొద్ది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఆ ఘనత ఒత్తిన చేతికి దక్కుతోంది, అంతే. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం కూడా మానాలి. ముక్కులో వేసింది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ఆ చేతుల మీద గౌరవం ఉన్నవాళ్లే ఈ మాట వాళ్లకు చెప్పాలి.

ఇంకో మాట ఇంతకన్నా ముఖ్యం. తల చదునవుతుందన్న భయంతో బిడ్డను బోర్లా నిద్రపుచ్చకూడదు. 1992లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం బోర్లా నిద్ర వద్దంది. 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని దేశమంతా ప్రచారం మొదలైంది. నిద్రలో ఉన్నట్టుండి పోయే పసివాళ్ల సంఖ్య సగానికి పైగా తగ్గింది. ఆ తర్వాతే తల చదునైన పిల్లలు ఎక్కువగా కనపడటం వైద్యులు గమనించారు. ప్రాణానికీ ఆకారానికీ పోటీ పెట్టనక్కర్లేదు. నిద్ర వెల్లకిలా, మెలకువ బోర్లా. బోర్లా ఉన్నంతసేపూ పక్కన మనిషి ఉండాలి. తల గుండ్రంగా తెస్తాయంటూ అమ్మే దిండ్లు ఊపిరికి అడ్డం పడవచ్చని 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఇంట్లో కుట్టిన ఆవాల దిండుకూ అదే జాగ్రత్త వర్తిస్తుంది.

నేర్పితే ఫలితం ఉంటుందా? ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 100 మంది నవజాత శిశువులతో పరీక్షించారు. కొందరి తల్లిదండ్రులకు మామూలు సూచనలే ఇచ్చారు. మిగిలినవారికి బిడ్డను ఎలా ఎత్తుకోవాలో, ఎలా తిప్పాలో, చుట్టూ ఏది ఎటు ఉంచాలో కాన్పు వార్డులోనే వివరంగా చెప్పారు. మూడు నెలలకు మొదటి జట్టులో 31 శాతం మందికి తల చదునైంది, రెండో జట్టులో 11 శాతం మందికే. 2015లో అచ్చయిన ఈ ఫలితంలో నాకు నచ్చింది దాని సాదాతనం. మందు లేదు, పరికరం లేదు, మాటలే.

ఆ మాటల్ని భావనపాడు ఇంటికి తగ్గట్టు కుట్టడంలోనే నేర్పేవాళ్ల పనితనం ఉంది. రోజుకోసారి తల, కాళ్ల దిక్కు మార్చమంటారు పుస్తకాల్లో. ఉత్తరం వైపు తల పెట్టకూడదనే ఇంట్లో ఆ మాట చెల్లదు. కాబట్టి పక్క తూర్పు పడమరలుగా వేయించి, ఇవాళ తల తూర్పుకు, రేపు పడమరకు అనాలి. ఒకే గది, ఒకే వాకిలి ఉన్న ఇంట్లో బిడ్డ వెలుతురు వైపే చూస్తుంది. దిక్కు మారితే మెడ రెండో వైపు తిరుగుతుంది. తల్లి ఎప్పుడూ కుడి పక్కనే పడుకుంటే బిడ్డ ఎప్పుడూ కుడికే తిరుగుతుంది, ఆమె కూడా మారాలి. రొమ్ము మార్చి మార్చి ఇస్తే ఈ పని సగం దానంతటదే అవుతుంది. సీసా పట్టేవాళ్లు ఒకే చేతి మీద పెట్టుకుని పడతారు, వాళ్లకు గట్టిగా చెప్పాలి. నెదర్లాండ్స్‌లో 380 మంది శిశువులను చూసిన 2007 నాటి అధ్యయనంలో, తల చదునవడంతో ముడిపడినవాటిలో ఒకే వైపు నుంచి సీసా పట్టడం, రోజుకు మూడుసార్ల కంటే తక్కువ బోర్లా వేయడం ఉన్నాయి. స్నానంతో ఒకసారి అవుతుంది. మిగిలినవి బట్టలు మార్చినప్పుడూ, నిద్ర లేచాకా కొద్ది నిమిషాల చొప్పున వేసుకుంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన రోజుకు అరగంట లెక్కకు మెల్లమెల్లగా చేరుకోవచ్చు. బోర్లా పడితే బొబ్బట్లు పంచే ఇళ్లకు ఇందులో ఆనందం ఎక్కడుందో చెప్పనక్కర్లేదు.

ఎప్పుడు చెప్పాలి, ఎవరికి? తొలికాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్లిపోతుంది, కాబట్టి ఆమె తల్లి కూడా పాఠంలో ఉండాలి. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు చేస్తారు, తోడుగా వచ్చేది తరచూ ఆవిడే. వరసలో కూర్చునే ఆ సమయం వృథా కానివ్వకూడదు. కాన్పయ్యాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తుంది. చాలా ఇళ్లలో ఉయ్యాల వేడుక చేసేదీ 21వ రోజునే. ఇంటిల్లిపాదీ ఒకచోట దొరికే రోజు అంతకన్నా మంచిది ఏముంటుంది?

తండ్రి సంగతి వేరు. ఈ తీరం మగవాళ్లు చాలామంది వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి నెలల తరబడి ఉంటారు. ఆయనకూ ఒక పని అప్పగించవచ్చు. వీడియో కాల్‌లో బిడ్డ ముఖమే కాకుండా, వారానికోసారి ఫోను తల పైన పట్టించి చూడమనాలి. రోజూ చూసే కళ్లకు తెలియని మార్పు అలా చూస్తే తెలుస్తుంది. ఒక చెవి రెండోదానికంటే ముందుకు జరిగినట్టున్నా, మెడ ఎప్పుడూ ఒకే వైపు వాలుతున్నా, తల మీద గట్టి గీతలా ఉబ్బి ఉన్నా పిల్లల డాక్టరుకు చూపించాలి. మెడ కండరం బిగుసుకుని ఉంటే వ్యాయామాలతో సడలించవచ్చు, అది ఎంత ముందు మొదలైతే అంత సులువు. తల ఆకారం సరిచేస్తాయనే ఖరీదైన హెల్మెట్ల జోలికి తొందరపడి వెళ్లక్కర్లేదు. నెదర్లాండ్స్‌లోనే 84 మంది పిల్లలతో చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో, రెండేళ్ల వయసుకు హెల్మెట్ పెట్టినవారికీ పెట్టనివారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.