పుస్తకపు మాట, నోటి మాట

బూర్గంపాడను పేరు వినగానే బూరుగుచెట్టు మదిలో మెదలును. ఆ చెట్టును అమరకోశమున వెదకువాడు ద్వితీయకాండమందలి వనౌషధివర్గమున జొచ్చినచో శాల్మలి, పిచ్ఛిల, పూరణి, మోచ, స్థిరాయువు అను పేర్లు ఒక్కచోటనే కనబడును. బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885లో వెలువరించిన శబ్దరత్నాకరమున వెదకువాడో, అక్షరక్రమము పట్టుకొని నేరుగా ‘బ’కారమునకే పోవలెను. మొదటిది కంఠస్థము చేయుటకై అర్థమునుబట్టి పద్యములలో కూర్చినది. రెండవది అవసరమైనపుడు తీసి చూచుకొనుటకై అమర్చినది.

నిఘంటువున ఒక మాటకు చోటు దొరకుట సులభము కాదు. అది తత్సమమో, తద్భవమో, దేశ్యమో తేల్చవలెను, అర్థభేదములను వేరుపరుపవలెను, ప్రతి అర్థమునకును సాక్ష్యముగా ఒక ప్రయోగమును చూపవలెను. ఆ సాక్ష్యము కావ్యమునుండియే రావలెనా, జనుల నోటినుండియు రావచ్చునా అన్నదే మన నిఘంటుచరిత్రలోని అసలు నాటకము. కడపలో సొంత సొమ్ముతో పండితులను పోషించి తాళపత్రములను సరిచూపించిన బ్రౌను దొర, 1852 నాటి తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువున కావ్యభాషతోపాటు వాడుక మాటలకును తావిచ్చెను. 1911లో స్థాపితమైన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వమున, పిఠాపురము మహారాజు పోషణమున, కావ్యములను గాలించి సూర్యరాయాంధ్ర నిఘంటువును చేపట్టగా, తొలి సంపుటము 1936లో వెలువడెను. వాడుకభాషావాదమున పంతులుగారికి ప్రత్యర్థియైన గిడుగు రామమూర్తిగారు, సవరలను ఇంటికి రప్పించుకొని, వారి పలుకులను వారి నోటనే విని వ్రాసికొని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిరి. గ్రంథము లేని భాషకు కావ్యప్రయోగము ఎక్కడినుండి తేగలరు? అచట చెవియే గ్రంథాలయము.

ఆ చెవిని తెలుగు పల్లెలవైపు త్రిప్పినవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారు. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము వ్యవసాయపదములది; 1971 నాటి రెండవది చేనేతది. నాగలి పట్టినవాడు, మగ్గమున కూర్చున్నవాడు అందు సాక్షులై, పూర్వము కవులకు దక్కిన పీఠమును అలంకరించిరి.

కిన్నెరసాని గోదావరిలో కలియు ఈ బూర్గంపాడు సీమలో అట్టి చెవికి పని ఎక్కువ. ఇచటి తెలుగువాడు ‘ఏరు’ అన్నచో పారు వాగు. అతని ప్రక్కయింటి కోయవాడు ‘ఏరు’ అన్నచో కడవలోని మంచినీరు. ఒక్క ధ్వని, ఇరువురి నాలుకలపై, ఒకచోట ప్రవాహమై మరియొకచోట దప్పిక తీర్చు జలమగుచున్నది. ఈ భేదమును ఏ తాళపత్రమును చెప్పదు. నీళ్లు ముంచుకొను వేళ ప్రక్కన నిలిచి వినినవాడే చెప్పగలడు.

కావున బూర్గంపాడు బడిపిల్లలకు నాదొక మనవి. చెట్టు పేరో, చేప పేరో, వలలోని ముడి పేరో, ఇంటి ముసలివారి నోట విన్నది వినినట్లు, చెప్పినవారి ఊరి పేరుతో సహా, ఒక నోటుపుస్తకమున వ్రాసిపెట్టుడు. పెద్ద నిఘంటువులెన్నో అట్టి చిన్న వ్రాతలతోనే మొదలైనవి.