పాసీ గ్రామపు ఉత్తరాలు: రాయబారి ఫ్రాంక్లిన్ చేతివ్రాతలో విజ్ఞానం

మన పాఠశాలలలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు చెప్పగానే గాలిపటమూ, దాని దారానికి కట్టిన తాళంచెవీ జ్ఞాపకం వస్తవి. ఆ ప్రయోగం 1752 నాటిది. తరువాత ఆయన రాజకీయాలలో పడి శాస్త్రానికి దూరమైనాడని ఒక్క మాటతో తేల్చివేయడం పరిపాటి. 1776 డిసెంబరులో అమెరికా ప్రతినిధిగా ఫ్రాన్సులో అడుగుపెట్టి, 1785 జూలై వరకు ఆయన పారిస్‌కూ వెర్సైల్సుకూ నడుమనున్న పాసీ గ్రామంలో నివసించాడు. అక్కడినుండి నిత్యం వ్రాసిన ఉత్తరాలు తిరగవేస్తే ఆ మాట సగమే నిజమని తేలుతుంది.

అయితే ఏ కూర్పులో చదవాలన్నది ముఖ్యం. మనుమడు టెంపుల్ ఫ్రాంక్లిన్ 1817–18లో తాతగారి రచనలను ప్రకటించాడు. అవి ఏరి కూర్చినవి. పెండ్లికి ముస్తాబైన మనిషిని చూసినట్టుంటుంది. యేల్ విశ్వవిద్యాలయమూ, అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ కలిసి 1959 నుండి వెలువరిస్తున్న సంపుటాల తీరు వేరు. ఇప్పటికి నలభై దాటిన ఈ సంపుటాలలో ఫ్రాన్సు కాలం 23వ దానితో మొదలవుతుంది. వచ్చిన ఉత్తరమూ, పోయిన ఉత్తరమూ తేదీ వరుసన ఉంటవి గనుక ఆ బల్లమీద ఏనాడు ఏమి పడిందో తెలుస్తుంది.

పడినవి తక్కువ కావు. అమెరికా సైన్యంలో కొలువు కోరే ఫ్రెంచి అధికారుల అర్జీలు, బ్రిటిషువారికి చిక్కిన నావికుల మొరలు, ఓడల లెక్కలు, వర్తకుల తగాదాలు. ముక్కూ మొగమూ తెలియనివారికి సిఫారసు వ్రాయలేక విసిగి 1777లో ఆయన ఒక నమూనా ఉత్తరమే తయారుచేసి పెట్టుకున్నాడు. ఈ మనిషి పేరు కూడ నాకు తెలియదు, ఇతని గుణగణాలు నాకంటె ఇతనికే బాగా తెలుసు గనుక ఇతనినే అడగండి అని దాని సారాంశం. కాగితాలు చెదరిపడి ఉంటవని సహచరులు గొణిగేవారు. పక్కనే పనిచేసిన ఎడ్వర్డ్ బాన్‌క్రాఫ్టు బ్రిటిషు గూఢచారి అన్న సంగతి నూరేళ్ళ తరువాత గాని బయటపడలేదు. అంటే పాసీలోని రహస్యాలు లండనులోనూ చదువుకున్నారన్నమాట!

ఈ రద్దీలో శాస్త్రానికి చోటు ఎక్కడ దొరికింది? 1783 ఆగస్టు 30న లండను రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బాంక్సుకు వ్రాసిన ఉత్తరం దీనికి సమాధానం. మూడురోజుల ముందు, 27వ తేదీ సాయంకాలం, షాన్ ద మార్స్ మైదానంలో ఆచార్య షార్ల్ ఉదజని నింపిన బెలూనును ఎగురవేశాడు. ఫ్రాంక్లిన్ దాని కొలత చెప్పాడు: అడ్డంగా 12 అడుగులు. వార్నీషు పూసిన పట్టుతో కుట్టారనీ, ఇనుపరజనుపై గంధకికామ్లం పోసి వాయువును పట్టారనీ చెప్పాడు. చూడవచ్చినవారు 50,000 మందికి తక్కువ ఉండరని జనం అంచనా అన్నాడే తప్ప తాను లెక్కించినట్టు వ్రాయలేదు. గోళం నారింజపండంత అయి, మేఘాలలో కలిసిపోయినంతవరకు కంటితో చూసినది. గోనెస్ గ్రామంలో అది నేలకు తాకి ఎగిరిపడగా, లోపల ఏదో జంతువు ఉన్నదని భయపడి పల్లెజనం రాళ్ళతో, కత్తులతో దానిమీద పడ్డారన్నది విన్నది. ఈ రెంటినీ ఆయన ఎక్కడా కలిపివేయలేదు. ప్రయోగశాల పుస్తకం వ్రాసే విద్యార్థికి ఇంతకు మించిన మాదిరి దొరకదు.

పారిస్ ముచ్చట్లనూ ఆయన వదలలేదు. ఇటువంటి గోళానికి గుర్రాన్ని వ్రేలాడదీసి, దాని బరువును ఎనిమిది, పది పౌనులకు తగ్గిస్తే గాలివాటున కంచెలూ కాలువలూ దాటి పరుగెత్తుతుందని కొందరన్నారట. కాని అవి ముచ్చట్లేనని ముందే చెప్పి మరీ వ్రాశాడు.

ఈ ఉత్తరం అందుకున్నది శత్రుదేశపు శాస్త్రవేత్త. యుద్ధాన్ని ముగించిన పారిస్ సంధిమీద ఫ్రాంక్లిన్ సంతకం పడింది సెప్టెంబరు 3న, అంటే నాలుగురోజుల తరువాత. విషయాలవారీగా విడదీసిన సంకలనంలో బెలూను ఒక చోట, సంధి మరొక చోట ఉండి ఈ పొరుగు కనబడదు. 1779 మార్చి 10న వ్రాసిన మరొక కాగితంలోనూ ఇదే వైఖరి. కెప్టెన్ కుక్ ఓడ ఎదురుపడితే పట్టుకోవద్దని, సాయంచేసి పంపమని అమెరికన్ యుద్ధనౌకల కెప్టెన్లను అందులో కోరాడు. అప్పటికే, ఫిబ్రవరి 14న, కుక్ హవాయిలో హతుడైనాడు. ఆ కబురు యూరపుకు చేరడానికి మరుసటి సంవత్సరం దాకా పట్టింది.

1784 ఏప్రిల్‌లో పారిస్ పత్రికకు వ్రాసిన లేఖను మాత్రం లోకం సరిగా చదవలేదు. ప్రొద్దు పొడవగానే వెలుతురు వస్తుందని తాను కొత్తగా కనిపెట్టినట్టు నటించి ఆయన లెక్క వేస్తాడు: 183 రాత్రులు, రాత్రికి 7 గంటలు, లక్ష కుటుంబాలు, మొత్తం 12,81,00,000 గంటలు. గంటకు అరపౌను మైనం చొప్పున 6,40,50,000 పౌనులు. ధర 9,60,75,000 లీవర్లు. గుణకారం తప్పు లేదు. కాని గంటకు అరపౌను అంటే ఏమిటి? పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిషు ప్రమాణక్రొవ్వొత్తి గంటకు 120 గ్రెయినులు, అంటే ఎనిమిది గ్రాములకు లోపు కరిగేది. ఆ లెక్కన ప్రతి ఇంటా ముప్పైకి అటూఇటూగా వత్తులు ఒక్కసారిగా వెలుగుతూ ఉండాలి. హాస్యం అక్కడ ఉన్నది. గడియారం ముందుకు తిప్పే పద్ధతిని ఈ లేఖే కనిపెట్టిందని చెప్పేవారు దానిని పూర్తిగా చదివి ఉండరు. గడియారపు ఊసే అందులో లేదు. ఉన్నవి కిటికీ తలుపులపై పన్ను, తెల్లవారుజామున గంటలు, అవి చాలకపోతే ఫిరంగులు.

సంకలనకర్తలకు ప్రియమైన మరొక ఉత్తరం 1780 ఫిబ్రవరిలో ప్రీస్ట్లీకి వ్రాసినది. వెయ్యేళ్ళకు పంట రెట్టింపవుతుందనీ, ముసలితనంతో సహా రోగాలన్నీ నయమవుతవనీ అందులో ఆశపడ్డాడు. చదవడానికి ఇంపుగానే ఉంటుంది. కాని కొలతగాని, పరీక్షగాని లేని కోరికల పట్టిక అది. బెలూను ఉత్తరం పక్కన పెడితే వెలవెలపోతుంది. దానికంటె 1785 మే 23న లండను మిత్రుడు వాట్లీకి వ్రాసిన నాలుగు మాటలు మేలు. రెండు కళ్ళజోళ్ళు మార్చుకోలేక అద్దాలను సగానికి కోయించి, ఒకే చట్రంలో దూరానికి పైసగం, దగ్గరకు క్రిందిసగం బిగించాడు. భోజనాల బల్లవద్ద ఎదుటివారి ముఖకవళికలు కనబడితే తనకు ఫ్రెంచి బాగా అర్థమవుతుందని ఆ ఉత్తరంలో చెప్పుకున్నాడు.

ఈ తొమ్మిదేళ్ళూ శాస్త్రం ముక్కలు ముక్కలుగానే సాగిందన్నది నిజం. మొక్కలు సూర్యకాంతిలో ప్రాణవాయువును విడుస్తవని 1779లో చూపిన ఇంగెన్‌హౌజ్ వంటి మిత్రునికి సైతం జవాబులు నెలల తరబడి ఆలస్యమైనవి. 1785 జూలై చివర ఓడ ఎక్కిన తరువాత అర్జీలు ఆగినవి. సెప్టెంబరు 14న ఫిలడెల్ఫియా చేరేలోగా, డెబ్బైతొమ్మిదేళ్ళ ఆ వృద్ధుడు పొగగొట్టాలను గురించి ఇంగెన్‌హౌజ్‌కు, సముద్రయానాన్ని గురించి లె రోయికి పుస్తకాలంత ఉత్తరాలు పూర్తిచేశాడు. ఆ ప్రయాణంలోనే ఉష్ణమాపకాన్ని సముద్రపునీటిలో ముంచి, గల్ఫు ప్రవాహం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నదో చూసేందుకు అంకెలు వ్రాసుకున్నాడు.