కథ రాలిపోయాక మిగిలిన అడుగులు

ఆర్మీనియన్ స్వరకర్త అరామ్ ఖచతూరియన్ పేరు విననివాళ్ళు కూడా ఆయన ‘కత్తుల నాట్యం’ విని ఉంటారు. సర్కస్ డేరాల్లో, కార్టూన్లలో, ఎక్కడ హడావుడి చూపించాలన్నా అదే మోగుతుంది. రెండున్నర నిమిషాల ఆ ఉరవడి మిగతా సంగీతాన్నంతా కమ్మేసింది. ఆ ఒక్క నాట్యమే తన తక్కిన రచనలన్నిటినీ పక్కకు నెట్టేసిందని ఆయన తర్వాత నొచ్చుకున్నాడు కూడా. ఆ బాధ న్యాయమైనదే. ఆ నాట్యం ఉన్న ‘గయానే’ బ్యాలే నుంచి ఆయనే ఏరి కూర్చిన మూడు ఆర్కెస్ట్రా సూట్లను నిదానంగా కూర్చుని వింటే, దాని పక్కనే ఎంత సంపద ఉందో తెలుస్తుంది.

‘గయానే’ తొలి ప్రదర్శన 1942 డిసెంబర్ 9న పెర్మ్ నగరంలో జరిగింది. అప్పట్లో ఆ ఊరిని మొలోతొవ్ అనేవారు. యుద్ధం వల్ల లెనిన్‌గ్రాడ్ నుంచి కిరొవ్ నాట్యబృందాన్ని అక్కడికి తరలించారు. కథ ఒక ఆర్మీనియా సమష్టి వ్యవసాయ క్షేత్రంలో నడుస్తుంది. గయానే పత్తి ఏరే పడుచు, మొగుడు గీకో ద్రోహి, చివరికి న్యాయం గెలుస్తుంది. యుద్ధకాలపు అవసరానికి అల్లిన ఆ కథ నిలవలేదు. తర్వాత ఎన్నోసార్లు మార్చి రాశారు, అయినా నిలవలేదు. సూట్లకు ఆ బాధ లేదు. కథ రాలిపోయి ఒట్టి అడుగులు మిగిలాయి, ఆ అడుగులే అసలు విషయం. ఎవరు ఎవరికి ద్రోహం చేశారో తెలియకపోయినా, గులాబీ కన్యల నాట్యం వింటున్నప్పుడు పాదం ఎక్కడ ఆని ఎక్కడ లేస్తుందో ఒంటికి తెలుస్తుంది.

ఖచతూరియన్ 1903లో తిఫ్లిస్‌లో పుట్టాడు. ఇప్పటి త్బిలిసి అదే. తండ్రి పుస్తకాలకు అట్టలు వేసే పనివాడు. వీధుల్లో తార్, కమాంచ, డప్పు వాయించే సాజందారుల మధ్య పెరిగాడు. చదువుకున్న సంగీతం పందొమ్మిదో ఏట, మాస్కోలో, సెల్లోతో మొదలైంది. ఈ ఆలస్యమే ఆయనకు మేలు చేసిందని నా నమ్మకం. శాస్త్రం చెవిలో పడేసరికే వీధి వాద్యాలు అక్కడ స్థిరపడిపోయాయి. పక్కపక్క స్వరాలను, మన మాటల్లో షడ్జమాన్నీ దాని పక్కనున్న రిషభాన్నీ, ఒకేసారి మోగించడమంటే ఆయనకు తీరని మోజు. చిన్నప్పుడు విన్న ఆ వాద్యాల కలయికలోంచే అది వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. మన సంగీతంలో ఆ రెండు స్వరాలూ గమకంతో ఒకదానిలోకి ఒకటి జారతాయే గాని, కలిసి నిలబడి ఒరుసుకోవు. అందుకే మొదటిసారి వింటే చెవి ఉలిక్కిపడుతుంది. మళ్ళీ వింటే ఆ ఒరిపిడిలోనే రుచి తెలుస్తుంది. మిరియం నలిగినప్పటి ఘాటు అది.

‘కత్తుల నాట్యం’ నిజానికి చివరి నిమిషంలో పుట్టింది. రిహార్సళ్ళు దాదాపు ముగిశాక ఇంకొక్క నాట్యం కావాలన్నారు. హోటల్ గదిలో పియానో ముందు మధ్యాహ్నం కూర్చున్నవాడు తెల్లవారేలోపు పూర్తి చేసి లేచాడు. జైలోఫోన్ టకటకలు, ట్రాంబోన్ జారుళ్ళు అందరికీ గుర్తుంటాయి. నడిమి భాగం మాత్రం ఎవరూ ప్రస్తావించరు. ఉన్నట్టుండి ఆ పరుగు కింద ఒక ఆర్మీనియా జానపద వరస తేలుతుంది, శాక్సొఫోన్ దాన్ని సాగదీసి పాడుతుంది. డోలు కొట్టేవాడు ఆగడు, పాడేవాడు తొందరపడడు. వేగం మీద విలంబం పరిచిన ఆ కొద్ది క్షణాల కోసమే నేను ఈ నాట్యాన్ని ఇప్పటికీ వింటాను.

సూట్లలో కుర్దులు, జార్జియన్లు, ఉక్రెయిన్‌వాళ్ళు, దాగెస్తాన్ కొండల లెజ్గీలు అందరూ ఆడతారు. ఆ లెజ్గీల నాట్యం లెజ్గింకాలో సైడ్‌డ్రమ్ కట్టె మీద కట్టె పడుతున్నంత పదునుగా మోగుతుంది. కుర్దు పిల్ల ఐషా నాట్యం మూడు దెబ్బల నడకలో, నిద్రమత్తు ఇంకా వదలని ఒళ్ళు విరుపులా సాగుతుంది. జోలపాట ఒక్క గాలివాద్యపు గొంతుతో మొదలై, ఊపు ఆపకుండానే ఆర్కెస్ట్రా అంతటికీ పాకుతుంది. బిడ్డను నిద్రపుచ్చే పాటకు అంత పెద్ద కెరటం ఎందుకని అడగాలనిపించదు. ఆ తల్లి గుండెలో ఉన్నది బయటపడిందనిపిస్తుంది, అంతే.

అన్నిటికన్నా పైన నేను నిలబెట్టేది గయానే అదాజియో. తీగవాద్యాలే. సెల్లోలు తమలో తాము అనుకుంటున్నట్టు ఒక గీత గీస్తాయి, దాని పక్కన ఇంకొకటి చేరుతుంది. రెండూ కలవవు, విడిపోవు. 1968లో స్టాన్లీ కుబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో గ్రహాంతర ప్రయాణపు ఒంటరితనానికి ఈ సంగీతాన్నే ఎంచుకున్నాడు. ఆయన చెవి గొప్పది. ఆర్మీనియా పల్లె అయినా, శూన్యంలో తేలే ఓడ అయినా ఆ గీతకు ఒకటే. ఇందులో తాళం దాదాపు కనిపించదు, అయినా ఇది నాట్యమే. కదలబోయి ఆగిన దేహం కూడా నాట్యంలో భాగమేనని ఇక్కడ తెలుస్తుంది.

ఈ దారి ఖచతూరియన్‌తో మొదలైంది కాదు. ఆయనకు ముందే స్వరకర్త కొమితాస్ పల్లెపల్లెకూ తిరిగి పాటలు సేకరించి, యెరాంగి, షొరొర్ వంటి నాట్యాలను పియానోకు దించాడు. ఆ మీటల మీద తార్, డప్పు వినిపించాలని ఆశించాడు. అలెగ్జాండర్ స్పెండియారొవ్ 1925లో ‘యెరెవాన్ ఎత్యూద్‌లు’ రాసి తూర్పు వరసలను ఆర్కెస్ట్రా రంగుల్లో అద్దాడు. వాళ్ళు ఎంతో మర్యాదగా వేదిక మీదికి తెచ్చిన నాట్యాన్ని ఖచతూరియన్ చెమటతో, ధూళితో సహా తెచ్చాడు.

ఆయనే నిర్వహించగా వియన్నా ఫిల్‌హార్మొనిక్ 1962లో వాయించిన రికార్డింగ్ ఉంది. ఈ సూట్లను మొదటిసారి వినేవాళ్ళకు నా సలహా ఒకటే: ముందు ‘కత్తుల నాట్యం’ దాటవేయండి. అదాజియోతో మొదలుపెట్టి, జోలపాట విని, ఆ తర్వాత లెజ్గింకా పెట్టుకోండి. కత్తులు ఆఖరున రానివ్వండి, అప్పుడు ఆ శాక్సొఫోన్ వినబడుతుంది.