గుర్రం నోట యజమాని మాట: 'కెంటకీ ప్రైడ్' చిత్రంలో కథనస్వరం

మూకీ చిత్రంలో మనిషి మాట సైతం తెరపై అక్షరంగానే కనిపిస్తుంది. అందువల్ల అక్కడ మనిషికీ జంతువుకీ కంఠం విషయంలో భేదం లేదు. జాన్ ఫోర్డ్ దర్శకత్వంలో ఫాక్స్ సంస్థ 1925లో విడుదల చేసిన 'కెంటకీ ప్రైడ్' ఈ పరిమితినే కథనసౌలభ్యంగా మలచుకొంది. గుర్రప్పందేల చుట్టూ అల్లిన ఈ మెలోడ్రామాను టైటిల్ కార్డుల ద్వారా ఉత్తమపురుషలో చెప్పేది వర్జీనియాస్ ఫ్యూచర్ అనే ఆడగుర్రం.

కథాంశం సరళమైనది. యజమాని బోమాంట్ జూదంలో ఆస్తి పోగొట్టుకొంటాడు. పందెంలో ఆ గుర్రం కాలు విరుగుతుంది. కాల్చి చంపవలసిన దానిని శిక్షకుడు డోనవన్ కాపాడతాడు. దానికి కాన్ఫెడరసీ అనే పిల్ల పుడుతుంది. తల్లి చేతులు మారి బరువులు మోసే బతుకులో పడుతుంది. చివరకు పిల్ల పందెంలో గెలవడంతో అందరి కష్టాలూ తీరుతాయి.

గుర్రం చేత కథ చెప్పించడం కొత్త కాదు. టాల్‌స్టాయ్ 'ఖొల్‌స్తొమేర్' కథలో గుర్రం 'నాది' అనే మాటనే ప్రశ్నిస్తుంది. రష్యన్ రూపవాది ష్క్లోవ్‌స్కీ 1917లో అపరిచితీకరణను వివరిస్తూ ఈ కథనే ఉదాహరించాడు. జంతువు చూపులో ఆస్తిహక్కు వింతగా కనబడటమే అక్కడి ప్రయోజనం.

ఫోర్డ్ చిత్రంలోని గుర్రం ఆ ప్రశ్న వేయదు. వంశశుద్ధి, పందెంలో గెలుపు అనే యజమాని కొలమానాలతోనే అది తన్ను తాను కొలుచుకొంటుంది. మాన్ ఓ వార్ వంటి సుప్రసిద్ధ పందెపు గుర్రాలను తెరపై చూపడం కూడా ఆ వంశగౌరవాన్ని బలపరుస్తుంది. బానిసత్వాన్ని నిలుపుకొనేందుకు పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కూటమి పేరును పిల్లకు పెట్టడం యాదృచ్ఛికం అనిపించదు.

అయితే ఈ కొలమానం ప్రకారం కాలు విరిగిన కథకురాలికే విలువ లేదు. బరువు మోసే ఆమె దేహాన్ని చూపే దృశ్యం ఈ వైరుధ్యాన్ని బయటపెడుతుంది. ముగింపు దానిని కప్పిపుచ్చుతుంది. తల్లికి గౌరవం తిరిగి దక్కేది ఆమె శ్రమ వల్ల కాదు, ఆమె రక్తం పంచుకొన్న పిల్ల గెలుపు వల్ల. నోరులేని ప్రాణికి 'నేను' అనే సర్వనామం ఇచ్చినంత మాత్రాన దానికి సొంత దృక్పథం ఇచ్చినట్లు కాదని ఈ చిత్రం నిరూపిస్తుంది. అణగారిన పాత్రలు ఉత్తమపురుషలో చెప్పే ఏ కథనాన్ని పరిశీలించినా, మాట్లాడుతున్నది ఎవరన్న ప్రశ్నతో పాటు ఎవరి విలువలు మాట్లాడుతున్నాయన్న ప్రశ్న కూడా అవసరం.